వెడల్పు చక్రాలు

నవంబరు 3, సోమవారం

చక్రాల కొలతలు రాసుకోవడానికి ఈ డైరీ తీశాను. టైల్స్ కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చింది. ఇన్నాళ్లూ పికప్ డాష్‌బోర్డు మీద, దుమ్ము తుడిచే గుడ్డ కింద పడి ఉంది. గోడౌన్ ముందు లైనులో నాది తొమ్మిదో బండి. లోడు ఎక్కడానికి ఇంకా గంట పడుతుంది. కొలతలు ఎలాగూ రాయాలి, మిగతాది కూడా రాస్తే ఎవరు చూడొచ్చారు.

శనివారం గుంతలో పడి ముందు ఎడమ చక్రం రిమ్ము చిట్లింది. వెనకాల ఒకటి వంగింది. స్టెపినీ వేసుకుని ఇల్లు చేరాను. పంక్చర్ షాపతను నాలుగు టైర్లూ తడిమి చూసి, "అక్కా, వీటికి నున్నగా గుండు కొట్టేశారు కదా" అన్నాడు. నాలుగు రిమ్ములూ, నాలుగు టైర్లూ మార్చాల్సిందే. గోరుచుట్టు మీద రోకలి పోటు.

ఆయనకి చెప్పాలా వద్దా అని ఆదివారమంతా ఆలోచించి, సాయంత్రం చెప్పాను. మంచం మీద ఫ్యాను వంక చూస్తూ పడుకున్న మనిషి తల తిప్పారు. "పదిహేడు ఇంచులు. నల్లవి. వెడల్పువి" అన్నారు. జూలైలో పక్షవాతం వచ్చాక ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు అనడం ఇదే మొదలు. మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది. అయినా వంటింట్లో ఉన్న అత్తగారికి కూడా అర్థమై చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చారు.

బండి ఆయనది. ఆయన లేచేదాకా నేను నడుపుతున్నాను, అంతే. ఎడమ చేతికీ ఎడమ కాలికీ పట్టు వచ్చిన రోజున తాళం ఆయన చేతిలో పెట్టేస్తాను. నాకేమన్నా సరదానా? నడుము విరిగిపోతోంది.

నవంబరు 5, బుధవారం

రాసుకున్న కొలతలు: నట్లు ఆరు. ఎదురెదురు నట్ల మధ్య దూరం 139.7 మిల్లీమీటర్లు. దీనిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా చక్రం ఎక్కదట. నడిమి కన్నం, చక్రాన్ని తగిలించే హబ్బు కంటే చిన్నదైతే అసలు పనికిరాదు, పెద్దదైతే మధ్యలో రింగు వేసుకోవచ్చు. టైరు పక్కన లోడు నంబరు ఉంటుంది, అది చూడకుండా కొంటే టైల్స్ ఎక్కించగానే పేలుతుంది.

ఆఫ్‌సెట్ అంటే ఏమిటో నాకు ఎక్కలేదు. ఆయన అన్నం పళ్లెం తెమ్మన్నారు, గిన్నె తెమ్మన్నారు. కుడి చేత్తో పళ్లేన్ని గిన్నెలో లోపలికి నెట్టి, బయటికి లాగి, "ఇలా అయితే చక్రం లోపలికి వెళ్తుంది. ఇలా అయితే బయటికి పొడుచుకొస్తుంది" అన్నారు. మూడుసార్లు చెప్పించుకున్నాను. మొదటిసారికే అర్థమైంది. ఆయన మాట్లాడుతుంటే వినాలనిపించింది.

ఎక్సర్‌సైజులు చేయించే ఫిజియో అమ్మాయి వచ్చినప్పుడు ఎడమ చేత్తో రబ్బరు బంతి నలభైసార్లు నొక్కారు. పోయిన వారం పదికే విసిరికొట్టారు. "ఏంటి సార్, ఇవాళ ఇంత హుషారు?" అంది ఆ అమ్మాయి. "స్టీరింగ్ తిప్పాలి" అన్నారు.

నవంబరు 6, గురువారం

సీటు ముందుకి జరిపాను. నాలుగు నెలలుగా ఆయన పెట్టుకున్నచోటే ఉంచి, వీపు వెనక దిండు పెట్టుకుంటున్నాను. దిండు జారిపోతోంది. అందుకే జరిపాను.

నవంబరు 9, ఆదివారం

డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇలాగే చేస్తే డిసెంబరు ఆఖరుకి డ్రైవింగ్ పరీక్ష పెట్టి చూద్దాం అన్నాడు. బండిలో తిరిగి వస్తున్నంతసేపూ ఆయన ఎడమ కాలు కదులుతూనే ఉంది, నేను క్లచ్ నొక్కినప్పుడల్లా తనూ నొక్కుతున్నారు.

చాలా సంతోషంగా ఉంది.

ఇంటికి రాగానే నాకు తలనొప్పి పట్టుకుంది. ఎండ వల్ల అయ్యుంటుంది. సాయంత్రం ఆయన ఫోనులో ఆ నల్ల చక్రాల బొమ్మ చూపించారు. మా పెళ్లైన కొత్తలో ఆయన నగల కొట్టు ముందు కూడా అంతసేపు నిలబడలేదు. అదే అన్నాను. నవ్వారు. నోరు ఒక పక్కకే వెళ్లింది కానీ నవ్వే.

నవంబరు 12, బుధవారం

చక్రాల షాపుకి వెళ్లాను. ఆ షాపాయన్ని అందరూ కొలత మాస్టారు అంటారు. బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు, అడుగడుగునా టేపు పెట్టి కొలుస్తాడని ఆ పేరు. టీ గ్లాసులో ఎంత పోశారో కూడా కొలుస్తాడని పక్క షాపువాళ్ల వేళాకోళం.

అత్తగారు కూడా వచ్చారు. "నా కొడుకు చక్రాలు నేను చూడొద్దా?" అని పొద్దున్నే తల దువ్వుకుని కూర్చున్నారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వెళ్లే దారిలోనే సిగ్నల్ దగ్గర పక్క ఆటో అతనికి కొత్త చక్రాల సంగతి చెప్పేశారు.

మాస్టారు ముందు రెండు చక్రాలకీ ఆ వెడల్పువి పెట్టి చూద్దాం అన్నాడు. పెట్టాక, చక్రం పైన ఉండే రేకు లోపలి అంచుకి సుద్దముక్కతో తెల్లగా పూశాడు. "ఖాళీ బండి మీద ఏ చక్రమైనా పడుతుంది చెల్లెమ్మా. లోడు ఉండాలి. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాలి. సుద్ద చెరిగిందా, తగిలినట్టు. చెరగలేదా, సరిపోయినట్టు. నోటి లెక్కలు నాకొద్దు" అన్నాడు.

లోడు అప్పటికే దింపేసి వచ్చాను. షాపులో ఉన్న పాత రిమ్ములు, పాత టైర్లు అన్నీ తెచ్చి వెనకాల నింపారు. ఇంకా చాలదన్నాడు మాస్టారు. "నన్ను ఎక్కించండి" అన్నారు అత్తగారు. వద్దన్నా వినలేదు. స్టూలు వేసుకుని ఎక్కి, టైర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "ఊ, తిప్పవే" అన్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

తిప్పాను. మా బండికి పవర్ స్టీరింగ్ లేదు. ఆ వెడల్పు టైర్లు నిలబడ్డచోట నిలబడ్డట్టే నేలను పట్టుకుంటాయి. రెండు చేతులూ వేసి, పళ్లు బిగపట్టి, భుజాలు లేచిపోయేలా తిప్పితే ఆ కొసకి వెళ్లింది. మళ్లీ ఈ కొసకి. దిగి చూశాం. అత్తగారు కూడా పైనుంచి వంగి చూశారు.

సుద్ద చెరగలేదు. ఒక్క గీత కూడా పడలేదు.

"చూశావా, ఇమిడిపోయాయి" అన్నాడు మాస్టారు. మా ఆయనకి ఫోను చేద్దామని తీశాడు కూడా. నేను ఆపాను. "మాస్టారూ, సన్నవి ఏమున్నాయి?" అన్నాను. మాస్టారు ఆశ్చర్యపోయాడు. "పదహారు ఇంచులవి ఉన్నాయి. సరుకు మోసే బండికి నిజానికి అవే మేలు, తిప్పడం తేలిక. కానీ మీవారు అడిగింది..." అన్నాడు. "ఆయనకి నేను చెప్పుకుంటాను" అన్నాను.

ఇంటికొచ్చి, "రుద్దుకుంటున్నాయండీ. లోడు మీద తిప్పితే లోపల తగులుతున్నాయి" అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికింది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇప్పుడు అనేస్తారు, ఇప్పుడు అనేస్తారు అని చూశాను. ఆవిడ నోరు తెరిచి, మూసుకుని, నీళ్ల బిందె సర్దడానికి లోపలికి వెళ్లిపోయారు.

"కొలతల ప్రకారం తగలకూడదే" అన్నారు ఆయన. ఆ తర్వాత గోడవైపు తిరిగారు.

నవంబరు 13, గురువారం

ఆ ఎడమ చేత్తో ఆయన వాటిని తిప్పలేరు. బలం ఉన్న నాకే చుక్కలు కనిపించాయి. రేపు డిసెంబరు పరీక్షలో తిప్పలేకపోతే ఆయన మనసు విరిగిపోతుంది. ఆయన మంచికే చేశాను.

నవంబరు 14, శుక్రవారం

సన్నవి వేయించాను. బాగున్నాయి. డీజిలు కూడా తక్కువ తాగుతుందట, ముఖ్యంగా అందుకే వీటిని తీసుకున్నాను. కొత్త రిమ్ములు కాబట్టి వంద కిలోమీటర్లు తిరిగాక వచ్చి నట్లు మళ్లీ బిగించుకోమన్నాడు మాస్టారు.

ఆయన్ని కిటికీ దగ్గరికి వచ్చి చూడమన్నాను. రాలేదు.

నవంబరు 17, సోమవారం

బంతి ముట్టుకోలేదు. నాలుగు రోజులైంది. ఫిజియో అమ్మాయి బతిమాలి బతిమాలి వెళ్లిపోయింది.

నవంబరు 18, మంగళవారం

బంతి ముట్టుకోలేదు.

నవంబరు 20, గురువారం

అత్తగారు లంచ్ డబ్బా సర్దుతూ, మూత పెట్టకుండా నిలబడ్డారు. "అమ్మాయ్, ఆ రోజు నేను పైన కూర్చుని చూశాను. సుద్ద చెరగలేదు" అన్నారు.

"అవునత్తయ్యా."

"వాడు మళ్లీ బండెక్కితే దారిలో ఏమవుతుందోనని నాకూ గుండె దడే. అందుకే నువ్వు అలా చెప్పావనుకున్నాను. అందుకేనా?"

అవునన్నాను. ఆవిడ నా మొహం వంక చాలాసేపు చూశారు. "నేను వాడికి చెప్పనులే. కానీ వాడు మంచంలో కలిసిపోతున్నాడు. చక్రాలు లేకపోయినా బతుకుతాడు, ఆశ లేకపోతే బతకడు. నువ్వే చెప్పు" అన్నారు. ఎనిమిది రోజులు ఆవిడ ఈ మాట కడుపులో దాచుకోగలిగారంటే నాకు భయం వేసింది.

రేపు చెప్తాను.

నవంబరు 21, శుక్రవారం

ఇవాళ నాలుగు లోడ్లు. అలసిపోయాను. కుదరలేదు.

నవంబరు 22, శనివారం

కుదరలేదు.

నవంబరు 24, సోమవారం

లైనులో ఏడో బండి. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు ఎక్కడో టక్ టక్ అంటోంది. టైల్స్ పెట్టెలు సరిగా పేర్చలేదేమో.

నిజం రాసుకుంటాను. ఈ డైరీ తాళం వేసిన బండిలోనే ఉంటుంది.

చెయ్యి కాదు, డీజిలు కాదు, ఆయన మంచి అసలే కాదు. డాక్టరు డిసెంబరు ఆఖరు అన్నప్పుడు నాకు తలనొప్పి వచ్చింది ఎండ వల్ల కాదు. ఆ షాపులో సుద్ద చెరగనప్పుడు, ఆయన ఆ నల్ల చక్రాల మీద కూర్చుని వెళ్లిపోతున్నట్టు, నేను మళ్లీ కిటికీలోంచి చూస్తున్నట్టు కనిపించింది.

పదిహేనేళ్ల కిందట ఆయనే సరదాకి నేర్పారు డ్రైవింగు. లైసెన్సు తీసుకుని బీరువాలో పెట్టుకున్నాను. ఇప్పుడు నాకు ఈ ఊళ్లో ప్రతి వంపూ తెలుసు. ఏ వీధిలో బండి తిరగదో తెలుసు. మొదట్లో గోడౌన్ సూపర్‌వైజరు నన్ను చూసి, "పాపం, వాళ్లాయనకి బాగాలేదు" అని ముందు లోడు ఎక్కించేవాడు. ఇప్పుడు "ఏమ్మా, లేటు" అని అరుస్తున్నాడు. ఆ అరుపు నాకు ఎంత బాగుంటుందో ఎవరికి చెప్పుకోను? నడుము నొప్పి నిజమే. రోజూ అలసిపోయేదీ నిజమే. పొద్దున్నే తాళం తిప్పగానే నాకు ప్రాణం లేచొచ్చేదీ నిజమే.

పడిపోయింది ఆయన, బయటపడింది నేను. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

నవంబరు 25, మంగళవారం

మధ్యాహ్నం లోడు దింపి, అన్నానికి ఇంటికి వెళ్లాను. బండి వాకిట్లోకి రివర్సు చేస్తుంటే కిటికీలోంచి కేక వినిపించింది.

"ఆపు! ఆపెయ్!"

ఆయన గొంతే. పన్నెండు రోజుల తర్వాత మొదటి మాట. ఏమైందోనని బ్రేకు వేసి దిగాను. తలుపు తీసుకుని చేతికర్రతో ఆయనే బయటికి వస్తున్నారు. మూడు మెట్లు. ఫిజియో అమ్మాయి పట్టుకుంటే తప్ప దిగని మెట్లు. వెనకాల అత్తగారు చేతులు చాపుకుని వస్తున్నారు, ముట్టుకునే ధైర్యం లేక.

"ఆ టక్ టక్ వినపడటం లేదా? ముందు ఎడమ చక్రం. నట్లు" అన్నారు.

చూశాను. ఆరింటిలో రెండు నట్లు వేళ్లతోనే తిరిగాయి. మిగతా నాలుగూ అంతంతమాత్రమే. పొద్దున పెద్ద వంతెన మీదుగా నలభై పెట్టెలతో వెళ్లాను.

"వంద కిలోమీటర్లకి బిగించమని మాస్టారు చెప్పలేదా?"

"చెప్పాడు. మర్చిపోయాను."

"నన్ను అడగొచ్చు కదా!"

అడగొచ్చు. ఆయన మొహం చూడలేక పన్నెండు రోజులుగా ఆ గదిలోకే సరిగ్గా వెళ్లలేదు, ఇంక అడిగేదేముంది? ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఒక్కో నట్టూ కర్రతో చూపించారు. ఇది బిగించాక పక్కది కాదు, ఎదురుది. పానా మీద కాలు వేసి తొక్కాను. నాలుగు చక్రాలు, ఇరవై నాలుగు నట్లు. ఆయనకి చెమటలు పోశాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

అంతా అయ్యాక ముందు చక్రం దగ్గర వంగి, టైరుకీ పైన రేకుకీ మధ్య కుడి చెయ్యి పెట్టారు. చెయ్యి లోపలికి వెళ్లింది. మోచేతి దాకా వెళ్లింది.

"ఇంత ఖాళీ ఉంది. ఆ పదిహేడువి ఎలా తగిలాయి?"

అత్తగారు నా వంక చూసి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

"తగల్లేదండీ. సుద్ద కూడా చెరగలేదు."

ఆయన లేవలేదు. వంగిన మనిషి వంగినట్టే ఉన్నారు.

"మీ చేత్తో తిప్పలేరని..." అని మొదలుపెట్టాను. ఆ మాట నాకే చేదుగా అనిపించి ఆపేశాను. "కాదు. అది కాదు. నాకు ఇవ్వాలని లేదండీ."

"ఏది?"

"తాళం."

ఆయన గోడ పట్టుకుని లేచి, మెట్టు మీద కూలబడ్డారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "మరి నేనేం చెయ్యను?" అన్నారు.

పక్కన కూర్చున్నాను. ఏడ్చాను. ఆయన నన్ను ఊరుకోమనలేదు. సాయంత్రం లోడుకి టైమైందని ఆయనే అన్నారు. వెళ్లాను.

నవంబరు 26, బుధవారం

పొద్దున ఏడున్నరకి బండి స్టార్టు చేశాను. ఉదయం నేను టిఫిను పెడితే తిన్నారు, అంతే.

రెండో వైపు తలుపు తెరుచుకుంది. ఆయనే. తుడిచిన చెప్పులు, ఇస్త్రీ చొక్కా. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు.

"ఎక్కడికండీ?"

"గోడౌన్‌కి. నట్లు ఎలా ఉన్నాయో వినాలి. నీ చెవులు నమ్మను."

ఎక్కడానికి చాలాసేపు పట్టింది. కుడి చేత్తో పైన పట్టుకుని, కుడి కాలు పెట్టి, ఎడమ కాలిని ఖాళీ చొక్కా చేతిలా లోపలికి లాక్కున్నారు. నేను కదల్లేదు. కూర్చుని ఊపిరి తీసుకున్నాక ముందుకి చూస్తూ అన్నారు:

"డిసెంబరులో ఆ పరీక్షకి వెళ్తాను."

"వెళ్లండి."

"పాసైతే?"

"అప్పుడు పోట్లాడుకుందాం."

కోపం పోలేదని తెలుస్తూనే ఉంది. పోవాలని కూడా నేను అనుకోలేదు.

తలుపు ఇంకా బార్లా తెరిచే ఉంది. అది ఆయనకి ఎడమ వైపు. కుడి చెయ్యి చాపి లాగొచ్చు, అందుతుంది. లాగలేదు. ఒళ్లో పడుకోబెట్టిన ఎడమ చేతిని లేపి హ్యాండిల్ మీద వేశారు. వేళ్లు జారాయి. మళ్లీ వేశారు. తలుపు సగం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. నా వెనక పాలబండి హారన్ కొడుతోంది. వంగి ఒక్క గుంజు గుంజితే పడుతుంది, నా చెయ్యి అప్పటికే లేచింది కూడా. గేరు మీద పెట్టుకుని, గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మూడోసారికి పడింది.